గేట్ పాస్ లేని క్రిమి

కోటిలంక జిల్లా ప్రజారోగ్య ప్రయోగశాలలో ఏ పని కుదిరినా కుదరకపోయినా, పెరుగు మాత్రం బ్రహ్మాండంగా తోడుకునేది.

ఇందులో మంత్రమేమీ లేదు. ప్రయోగశాల అన్నాక ఇంక్యుబేటర్ అనే వెచ్చని బీరువా ఒకటుంటుంది. రోగుల దగ్గర తీసిన నమూనాలను గాజు పళ్ళేల్లో వేసి అందులో పెడతారు. అది మనిషి ఒంటి వెచ్చదనమేనని మోసపోయి, క్రిములేమైనా ఉంటే తెల్లారేసరికి బయటపడతాయి. మార్గశిర మాసం చలికి ఊళ్ళో ఎవరింట్లోనూ పాలు సరిగా తోడుకోక, జనం నీళ్ళ మజ్జిగతో సరిపెట్టుకుంటున్న రోజుల్లో, డైరెక్టర్ డాక్టర్ పరంజ్యోతి గారికి ఒక ఆలోచన తట్టింది. క్రిములకే ఇంత సుఖమైన చోటు ఉన్నప్పుడు పాలు ఏం పాపం చేశాయి? ఆ రోజు నుంచీ పై అరల్లో క్రిములు, కింది అరలో పెరుగు గిన్నెలు. కరెంటు పోతే ఆ బీరువాకి వెంటనే జనరేటర్ అందుకునేది. జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ గదికి కూడా ఆ భాగ్యం లేదు.

ఆ పెరుగు గిన్నె బోర్లించినా జారేది కాదని చెప్పుకునేవారు. కీర్తి ఆఫీసర్ల క్వార్టర్స్ దాకా పాకింది. అప్పు అడిగితే మొహం చాటేసేవాళ్ళు కూడా మన ఇళ్ళల్లో తోడు అడిగితే గరిటె పట్టుకుని లేస్తారు. తోడు లేదనడం మర్యాద కాదు. అలా పరంజ్యోతి గారింటి నుంచి ఒక చెంచాడు తోడు ఇంజనీరు గారింటికి, అక్కణ్ణించి తహసీల్దారు గారింటికి, అక్కణ్ణించి గోడ మీదుగా పక్కవీధికి ప్రయాణం కట్టింది. ఏ ఇంట్లో తోడుకున్నా, ఆ పెరుగు వంశమూలం ప్రయోగశాలే.

నెల తిరిగేసరికి ఊళ్ళో టైఫాయిడ్ మొదలైంది.

జిల్లాలో ఏ రోగం ఎక్కడ పుట్టి ఎటు పోతోందో కనిపెట్టే నిఘా అధికారి పేరు డాక్టర్ సువార్త. ఆ పేరు పెట్టుకుని గుమ్మం గుమ్మానికీ చెడ్డ కబుర్లు మోయడం ఆమె ఉద్యోగం. పడకేసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఎక్కడ తిన్నారు, ఏం తాగారు అని ఆరా తీసింది. అందరూ మర్యాదస్తులే. బయట తిండి ముట్టరు, కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప తాగరు. తహసీల్దారు గారి భార్య అయితే కాస్త నొచ్చుకుంది కూడా.

"మా ఇంట్లో అశుభ్రం అన్న మాటే ఉండదండీ. పెరుగు కూడా ఏ తోడు పడితే ఆ తోడు వెయ్యను. సాక్షాత్తూ లేబొరేటరీ తోడు," అందామె.

సువార్త ఆ రోజంతా రోగం సంగతి వదిలేసి తోడు సంగతి అడుగుతూ తిరిగింది. ఎవరు ఎవరికి తోడు ఇచ్చారో ఆడవాళ్ళకు కంఠతా వచ్చు. చెంచా ఏ గుమ్మం ఎక్కిందో, వారం పది రోజుల తర్వాత జ్వరం కూడా అదే గుమ్మం ఎక్కింది. సాయంత్రానికి ఆమెకు విషయం అర్థమైంది. కానీ ఇప్పుడు ఆ మాట పరంజ్యోతి గారితో చెప్పాలి.

ఆమె చెప్పేలోపే ఆయన దొంగను పట్టేసుకున్నారు. ప్రయోగశాల గేటు ఎదురుగా నూకరత్నం అనే ఆవిడ పునుగుల బండి పెట్టుకుని ఉంటుంది. సిబ్బందిలో ముగ్గురికి జ్వరం వచ్చింది, ముగ్గురూ ఆ బండి దగ్గర తింటారు, ఇంకేం కావాలి? పరంజ్యోతి గారు నోటిమాటగా హుకుం జారీ చేశారు. వాచ్‌మనూ అటెండర్లూ కలిసి బండిని గేటు లోపలికి ఈడ్చి గోడ పక్కన పడేశారు. మర్నాటి పేపర్లో "పునుగుల్లో టైఫాయిడ్" అని పడింది.

నూకరత్నం సువార్త ఆఫీసుకు వచ్చి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రోజూ నా పునుగులు తిని బతికినోళ్ళేనండి ఆళ్ళంతా. ఇప్పుడు నా పునుగులు తినే చత్తన్నామంటన్నారు," అంది. "మా పేటలో నన్ను జొరాల రత్నం అంటన్నారండి మేడంగారూ. కుళాయి కాడ బిందె పెడితే ఆడాళ్ళు పక్కకి జరుగుతున్నారు. నా బండి నాకిప్పిస్తే సాలదండి. నా పేరు నాకిప్పించండి."

"ఇప్పిస్తాను," అంది సువార్త. అని, నోరు జారానేమో అనుకుంది. కానీ అన్నాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

ఆమె రోగుల నమూనాలను నగరంలో ఉన్న పెద్ద ప్రయోగశాలకు పంపించింది. జవాబు వచ్చింది. కోటిలంక రోగుల ఒంట్లో ఉన్న క్రిమీ, సిబ్బంది చేతులు సాధనలో ఉండాలని పైవాళ్ళు కోటిలంక ప్రయోగశాలకు సీసాలో పంపిన క్రిమీ కవలపిల్లల్లా ఒకటేనట. ఆ కాగితం పట్టుకుని ఆమె పరంజ్యోతి గారి గదిలోకి వెళ్ళింది.

పరంజ్యోతి గారు చెడ్డవారు కాదు. ప్రయోగశాలను కన్నబిడ్డలా చూసుకుంటారు. కన్నబిడ్డ మీద చాడీ చెబితే వినే తండ్రి ఎవరూ ఉండరు కదా.

"చూడమ్మా సువార్తా," అన్నారాయన. "నువ్వు చిన్నదానివి, ఉత్సాహం ఎక్కువ. ఆ క్రిమి ఈ గేటు దాటిందంటావు. ఎలా దాటింది?"

"పెరుగు గిన్నెల మీద సార్. పై అరలో పళ్ళెం ఎప్పుడో ఒలికి ఉంటుంది. దాని కింద మూతలేని పాలగిన్నె. అక్కణ్ణించి తోడుతో పాటు..."

"నేను అడుగుతున్నది అది కాదు. ఏ గేట్ పాస్ మీద దాటింది?"

సువార్తకు అర్థం కాలేదు. పరంజ్యోతి గారు స్టోర్స్ చూసే హెడ్ గుమాస్తా వల్లభరావును పిలిపించారు. వల్లభరావుకు రూల్సంటే భక్తి. గుళ్ళో తీర్థం పుచ్చుకున్నట్టు వాటిని కళ్ళకద్దుకుని చెబుతాడు.

"సదరు టైఫాయిడ్ క్రిమి ప్రభుత్వ ఆస్తి మేడమ్," అన్నాడు వల్లభరావు. "స్టాకులో చేర్చబడియున్నది. ప్రభుత్వ ఆస్తి ఏదైనను గేట్ పాస్ లేనిదే ఆవరణ దాటరాదు. ఈ క్రిమికి నేను గేట్ పాస్ ఇచ్చి ఉండలేదు. కావున అది దాటి ఉండలేదు."

"మరి రోగుల ఒంట్లో ఉన్నదేమిటండీ?"

వల్లభరావు చాలాసేపు ఆలోచించాడు. అది నిజంగానే ఆలోచించాల్సిన ప్రశ్న. "రెండే అవకాశాలు. అది మన క్రిమి కాదు. అప్పుడు మనకు సంబంధం లేదు. లేదా అది మన క్రిమే. అప్పుడు అది దొంగసొత్తు."

"స్టాకులో ఏమైనా తగ్గిందా వల్లభరావ్?" అన్నారు పరంజ్యోతి గారు.

"తగ్గలేదు సార్. చూస్తే పెరిగినట్టే ఉంది."

"చూశావా," అన్నారు పరంజ్యోతి గారు సువార్త వైపు తిరిగి, తృప్తిగా. "దొంగతనం జరిగిన ఇంట్లో సొమ్ము పెరుగుతుందా ఎక్కడైనా?"

సువార్తకు వైద్య కళాశాలలో ఆ పాఠం చెప్పలేదు. వల్లభరావు మాత్రం ఆ రాత్రి నిద్రపోయినట్టు లేడు. నగరం నుంచి వచ్చిన కాగితంలో అది తమ క్రిమేనని రాసి ఉంది, కాగితం మీద ఉన్నదాన్ని కాదనడం అతని వంశంలో లేదు. మర్నాడు పొద్దున్నే జ్వరంతో పడుకున్నవాళ్ళందరికీ నోటీసులు వెళ్ళాయి.

"ప్రభుత్వ ఆస్తియైన టైఫాయిడ్ క్రిములను తాము ఎట్టి అనుమతియు లేకుండ తమ శరీరమునందు నిల్వ ఉంచుకొనినట్లు మా దృష్టికి వచ్చియున్నది. సదరు క్రిములను వారము దినములలోగా, ఎట్టి నష్టము వాటిల్లకుండ, పనివేళలయందు స్వయముగా హాజరై అప్పగించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

తహసీల్దారు గారు జన్మలో ఎవరి నోటీసూ అందుకున్నవారు కాదు, ఇచ్చినవారే. దుప్పటి కప్పుకుని, భార్య భుజం మీద చెయ్యేసి కౌంటరు దగ్గరికి వచ్చారు. అప్పగించడానికి సిద్ధమేనన్నారు, ముట్టినట్టు రసీదు మాత్రం ఇవ్వాలన్నారు. వల్లభరావు ఆయన చేతికొక చిన్న సీసా ఇచ్చి, వరండా చివర ఉన్న గదికి దారి చూపించాడు. ఆయన తిరిగొచ్చాక రసీదు కూడా ఇచ్చాడు, "పాక్షికముగా ముట్టినది" అని.

ఇంజనీరు గారి పరిస్థితి ఇంకా అధ్వాన్నం. మాత్రలు మింగి జ్వరం తగ్గించుకున్న మొదటి మనిషి ఆయన. ప్రభుత్వ ఆస్తిని కండెమ్ చేయాలంటే కమిటీ ఉండాలి, కమిటీ చూసి పనికిరాదని తేల్చాలి, ఆ తర్వాతే నాశనం చేయాలి. విరిగిన కుర్చీకే అంత తతంగం ఉన్నప్పుడు, నిక్షేపంగా పనిచేస్తున్న క్రిములను సొంత నిర్ణయం మీద చంపేసిన మనిషిని ఊరికే వదులుతారా? సంజాయిషీ అడిగారు. ఆ కబురు జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు చెవిన పడింది. రిటైర్మెంటు దగ్గర పడ్డ ఆయన, ఎందుకొచ్చిన గొడవ అని, కండెమ్నేషన్ ఉత్తర్వులు వచ్చేదాకా టైఫాయిడ్ వార్డులో మాత్రలు ఆపించేశారు.

సువార్త వార్డుకు పరిగెత్తింది. మంచాల మీద జనం జ్వరంతో మూలుగుతున్నారు, నర్సు మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడుపుమొహంతో కూర్చుంది. సువార్తకు జీవితంలో మొదటిసారి ఒక పై అధికారిని కొట్టాలనిపించింది. కొట్టలేదు. సూపరింటెండెంటు ఎదురుగా కూర్చుని, వల్లభరావు ఎలా మాట్లాడతాడో గుర్తు చేసుకుని మాట్లాడింది.

"సార్, మనం క్రిముల్ని చంపడం లేదు. మాత్రల ద్వారా వాటిని అదుపులోకి తీసుకుంటున్నాం. అలాగే రాయండి."

"కస్టడీ అన్నమాట," అన్నారాయన, మొహం విప్పారుతూ. "కస్టడీలో అవే పోతే?"

"కస్టడీలో పోతే మామూలు విచారణ ఉంటుంది సార్. దాని గురించి ఎప్పుడైనా ఎవరైనా భయపడ్డారా?"

సాయంత్రానికల్లా మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. సువార్త ఇంటికి వెళుతూ తన తెలివికి తానే సిగ్గుపడింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుగా ఉంది తన వ్యవహారం.

ఇంత గొడవయ్యాక రాజధాని మేలుకోకుండా ఉంటుందా? అదనపు సంచాలకులు డాక్టర్ కోదండపాణి గారి అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది. కోదండపాణి గారు మాట్లాడితే శిలాఫలకం ఆవిష్కరిస్తున్నట్టు ఉంటుంది. వస్తూ వస్తూ నివేదిక కూడా టైపు చేయించుకునే వచ్చారు. సమయపాలన అంటే అదీ.

"సమగ్రమైన, బహుముఖమైన, క్షేత్రస్థాయి పరిశీలన అనంతరం," అని కారు దిగిన పావుగంటకు మీటింగు హాల్లో చదవడం మొదలుపెట్టారు, "వ్యాధికి మూలము గేటు ఎదుటి పునుగుల బండియేనని కమిటీ నిర్ద్వంద్వముగా నిర్ధారించినది. ప్రయోగశాలకు ఇందు ఎట్టి ప్రమేయము లేదు. సదరు బండిలోని పదార్థములను భుజించిన ప్రతి వ్యక్తినీ, హోదాతో నిమిత్తము లేకుండా, మూడు వారములు జిల్లా ఆసుపత్రి ఐసోలేషన్ వార్డులో నిర్బంధముగా ఉంచవలెను." ఆ ఆఖరి వాక్యం దగ్గర తలెత్తి చూశారు. "హోదాతో నిమిత్తం లేకుండా. అది నేనే చేర్చాను. కఠినంగా ఉండాలి."

నివేదిక చెల్లాలంటే జిల్లా నిఘా అధికారి సంతకం కావాలి. కాగితం సువార్త ముందుకు జరిగింది.

"సంతకం పెట్టకపోతే ఏమవుతుందండీ?" అంది సువార్త.

"ఏమీ అవదు," అన్నారు కోదండపాణి గారు దయగా. "ఏజెన్సీ ప్రాంతంలో మీవంటి చురుకైనవారి సేవలు ఎంతో అవసరం. అక్కడ సెల్ ఫోన్లు కూడా మోగవు, ప్రశాంతంగా పని చేసుకోవచ్చు."

సువార్త కలం తీసింది. కుళాయి దగ్గర బిందెతో ఒంటరిగా నిలబడ్డ నూకరత్నం మనసులో మెదిలింది. కలం మూత పెట్టేసింది.

"సంతకానికేం సార్, పెడతాను. కానీ మూలం పునుగులని రాసి, పునుగుల నమూనా జత చెయ్యకపోతే రేపు ఆడిట్‌లో అడగరా? బండి లోపలే ఉంది. మనిషిని పిలిపిస్తాను. మీ కళ్ళ ముందే వేయిస్తే క్షేత్రస్థాయి పరిశీలన కూడా అయినట్టుంటుంది."

కోదండపాణి గారికి ఆ మాట నచ్చింది. ఆడిట్ అన్నది అందరికీ నచ్చే మాట. నూకరత్నాన్ని పిలిపించారు. ఆవిడ చేతులు కడుక్కుని, గోడ పక్కన పడి ఉన్న బండి తుడుచుకుని, పొయ్యి వెలిగించింది. ఈలోగా హాల్లో కమిటీకి భోజనాలు వడ్డించారు. పప్పు, వంకాయ కూర, పులుసు అన్నీ సవ్యంగా సాగాయి. అన్నం ఆఖరికి వచ్చేసరికి పరంజ్యోతి గారు స్వయంగా పెరుగు గిన్నె పట్టుకొచ్చారు. చెంచా గుచ్చితే నిలబడేలా ఉంది పెరుగు.

"మన ఇంక్యుబేటర్ పెరుగు సార్. నేనే దగ్గరుండి తోడు పెట్టించాను."

వ్యాధిలో ప్రయోగశాలకు ఎట్టి ప్రమేయమూ లేదని నిర్ద్వంద్వంగా నిర్ధారించిన ముగ్గురూ విస్తళ్ళ మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒకాయనకు అప్పటికప్పుడు జలుబు చేసింది. ఇంకొకాయనకు మోకాళ్ళ నొప్పులట, పెరుగు పడదట. కోదండపాణి గారు మాత్రం గంభీరంగా, "కాశీ వెళ్ళినప్పుడు పెరుగు వదిలేశానండీ," అన్నారు. పొద్దున్న గెస్ట్ హౌస్‌లో ఆయన రెండు గ్లాసులు మజ్జిగ తాగడం సువార్త చూసింది, కానీ కాశీ విషయంలో వాదించడం బాగుండదు.

పరంజ్యోతి గారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన ఒక్కొక్కరి మొహమే చూశారు, తర్వాత గిన్నె వంక చూశారు. సువార్త చెప్పినప్పుడు నమ్మనిది, ఆ అడ్డం పెట్టిన చేతులను చూసి ఆయన నమ్మారు. పాపం, ఆ పెరుగు ఆయన ఇన్నాళ్ళుగా ఇంట్లో మనవరాలికి కూడా పెడుతున్నారు. సువార్తకు ఆయన మీద కోపం ఒక్కసారిగా పోయింది.

సరిగ్గా అప్పుడు నూకరత్నం పళ్ళెం నిండా వేడివేడి పునుగులు తెచ్చి మధ్యలో పెట్టింది. అల్లం, జీలకర్ర వాసన హాలంతా కమ్ముకుంది. పెరుగన్నం లేక ఆఖరి ముద్ద వెలితిగా ఉన్న కమిటీ, నమూనాను చేతుల్లోకి తీసుకుని పరిశీలించడం ప్రారంభించింది. పరిశీలన చాలా లోతుగా సాగింది. రెండో వాయి కూడా తెప్పించారు. మోకాళ్ళ నొప్పులాయన పచ్చడి అడిగి వేయించుకున్నారు.

పళ్ళెం ఖాళీ అయ్యాక సువార్త కలం మూత తీసింది.

"సంతకం పెడుతున్నాను సార్. ఆసుపత్రికి ఫోన్ చేసి మూడు మంచాలు సిద్ధం చెయ్యమంటాను. మూడు వారాలు కదా. హోదాతో నిమిత్తం లేకుండా అన్నారు కాబట్టి జనరల్ వార్డే."

కోదండపాణి గారి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ చేతిలో ఆఖరి పునుగు ఉంది.

"ఆగండాగండి," అన్నారాయన. ఈసారి ఆయన నోట మామూలు తెలుగు వచ్చింది. "అంత తొందరెందుకమ్మా?"

"మరి మీరు బండిలోవి తిన్నారు కదండీ. మూలం బండే అయితే మీరు లోపలుండాలి. మీరు బయటుండాలంటే బండి మూలం కాకూడదు."

నూకరత్నం ఖాళీ పళ్ళెం తీస్తూ ఆగి చూస్తోంది. కమిటీ ముగ్గురూ ఒక మూలకు వెళ్ళి గుసగుసలాడుకున్నారు. తిరిగొచ్చి, ఎర్ర సిరాతో బండి ఉన్న వాక్యాలన్నీ కొట్టేసి, దాని చోట, "వ్యాధి తనంతట తానే వచ్చినది, తనంతట తానే పోవుచున్నది" అని రాశారు. సువార్త అప్పుడు సంతకం పెట్టింది. ఆ మాట నిజం కాదని తెలిసే పెట్టింది. కానీ అందులో నూకరత్నం పేరు లేదు, అది చాలనుకుంది. మర్నాటి నుంచి ఇంక్యుబేటర్ కింది అరలో గిన్నె కనిపించలేదు. దాని మీద ఏ ఉత్తర్వూ రాలేదు, ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. పరంజ్యోతి గారు మాత్రం సాయంత్రాలు ఇంటింటికీ వెళ్ళి, తామిచ్చిన తోడు పారబోయమని తలదించుకుని చెప్పి వచ్చేవారు. వారాలు గడిచేకొద్దీ జ్వరాలు తగ్గాయి. పేపరువాళ్ళు "పునుగులు నిర్దోషులు" అని లోపలి పేజీలో వేశారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మళ్ళీ నూకరత్నం పక్కకు వచ్చి నిలబడ్డారు.

ఇక మిగిలింది బండి. పేపర్లో ఆ వార్త పడిన రోజే సువార్త నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వల్లభరావు దగ్గరికి వెళ్ళింది.

"బండి బయటికి వెళ్ళాలంటే గేట్ పాస్ కావాలి," అన్నాడు వల్లభరావు.

"ఇవ్వండి మరి."

"ఎలా ఇచ్చేది మేడమ్? లోపలికి వచ్చిన వస్తువుకే బయటికి పాస్ ఇస్తాం. ఈ బండి లోపలికి వచ్చినట్టు పాస్ లేదు. నోటిమాట మీద ఈడ్చుకొచ్చారట. కావున బండి ఆవరణలో లేదు."

సువార్త కిటికీలోంచి చూసింది. గోడ పక్కన బండి ఎండలో నిలబడి ఉంది. దాని మీద ఒక కాకి వాలి ఉంది. ఆమెకు ఇన్నాళ్ళ అలసట ఒక్కసారిగా ముంచుకొచ్చింది, ఏడుపొచ్చేలా ఉంది. నూకరత్నమే ముందుకొచ్చి నెమ్మదిగా అడిగింది.

"అంటే నా బండి ఇక్కడ లేదంటారా అండి?"

"లేదు."

"లేని బండిని తీసెయ్యమని ఎవరూ అనరు కదండి?"

వల్లభరావు నిజాయితీపరుడు. కాసేపు రూల్సన్నీ మనసులో తిరగేసుకుని, "అనడానికి వీల్లేదు," అన్నాడు.

"సరేనండి," అంది నూకరత్నం. వెళ్ళి కాకిని తోలి, కొంగు దోపుకుని, ప్రయోగశాల ఆవరణలోనే, పరంజ్యోతి గారి కిటికీ కింద పొయ్యి వెలిగించింది. సువార్తకు చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వొచ్చింది.

ఐదు గంటలకు ఆఫీసు వదిలారు. సిబ్బంది అంతా లేని బండి చుట్టూ మూగారు. వల్లభరావు కూడా ఒక పొట్లం కట్టించుకుని, చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

"వల్లభరావు గారండీ," అని వెనక నుంచి కేకేసింది నూకరత్నం. "ఆ పొట్లానికి గేట్ పాస్ ఉందాండి?"

వల్లభరావు ఆగిపోయాడు. వేళాకోళమనుకుని జనం నవ్వారు గానీ, అతను నవ్వలేదు. పొట్లం వంకా గేటు వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత గేటుకు అడుగు ఇవతలే నిలబడి, పొట్లం విప్పి, ఒక్కొక్క పునుగే నోట్లో వేసుకుని అన్నీ తినేశాడు. కాగితం మడిచి బుట్టలో వేసి, ఖాళీ చేతులు వాచ్‌మన్‌కు చూపించి, కడుపులో సరుకుతో నిక్షేపంగా గేటు దాటి ఇంటికి వెళ్ళిపోయాడు.